అచ్చయిన పరిశోధన ఎవరికి అందుతోంది?

1982లో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వైరాలజీ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో సేకరించిన రక్త నమూనాలను యూరప్ పరిశోధకులు పరీక్షించి చూస్తే, కొన్నింటిలో ఎబోలా వైరస్ సోకిన గుర్తులు కనబడ్డాయి. ఎబోలా ఉండే ప్రాంతాల జాబితాలో లైబీరియాను కూడా చేర్చుకోవాలని, అక్కడి వైద్య సిబ్బంది ఈ జబ్బును దృష్టిలో పెట్టుకుని ఉండాలని వాళ్లు స్పష్టంగానే రాశారు. 2014లో అదే దేశం మీద ఎబోలా విరుచుకుపడింది. పశ్చిమ ఆఫ్రికా మొత్తమ్మీద 11 వేల మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో లైబీరియా ప్రధాన వైద్యాధికారి బెర్నీస్ డాన్, మరో ఇద్దరితో కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. ఆ పాత పత్రం సంగతి తమకు తెలియనే తెలియదన్నారు. దాని రచయితల్లో లైబీరియా వాళ్లు ఒక్కరూ లేరు. అప్పటికీ ఇంటర్నెట్‌లో దాన్ని తెరవాలంటే 45 డాలర్లు కట్టాలి. అక్కడి డాక్టరుకు అది సుమారు సగం వారం జీతం.

ఆ పత్రాన్ని ఎవరూ దాచిపెట్టలేదు. అది పేరున్న పత్రికలోనే అచ్చయింది. పరిశోధకుడి లెక్కలో అక్కడికి పని పూర్తయినట్టే. కానీ ఆ మాట ఎవరికి అవసరమో వాళ్ల దాకా వెళ్లలేదు. ఈ దూరం తగ్గించడానికి గత ముప్ఫై ఏళ్లలో చాలా ప్రయత్నాలు జరిగాయి. వెతికిపెట్టే సెర్చ్ ఇంజన్లు వచ్చాయి, ఉచిత భాండాగారాలు వచ్చాయి, రచయితలకు గుర్తింపు సంఖ్యలు వచ్చాయి, ప్రభుత్వాలు చందాలు కట్టడం మొదలుపెట్టాయి, సోషల్ మీడియా మీద ప్రయోగాలు కూడా జరిగాయి. వీటిలో ఏది ఎంతవరకు పనిచేసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పత్రాన్ని చదివించే శక్తి ప్రచారానికి కొంతే ఉంది. అడ్డు లేకుండా తెరుచుకోవడం, వెతికేవాళ్ల మాటల్లో శీర్షిక ఉండడం, రచయిత పేరు ఒకేలా నమోదవడం, ఫైలును కంప్యూటర్ చదవగలగడం వంటి మామూలు పనులకు అంతకన్నా ఎక్కువ ఉంది. ఇంకొకటి కూడా ఉంది. చదువరులను మనం సైటేషన్లతో, అంటే తర్వాతి పత్రాల్లో వచ్చే ప్రస్తావనలతో, లెక్కపెడుతున్నాం. బెర్నీస్ డాన్ లాంటి చదువరి ఆ లెక్కలోకి ఎప్పటికీ రాదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. పరిశోధన పత్రాల్లో సగం రచయితలు, సమీక్షకులు తప్ప మరెవరూ చదవరన్న మాట సెమినార్లలో తరచు వినబడుతుంది. దాని మూలం వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు గట్టి అధ్యయనం ఏదీ దొరకలేదు. 2017లో నేచర్ పత్రిక వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ డేటాబేస్ లెక్కలు తీయించి చూస్తే, అందులో నమోదైన శాస్త్ర పత్రాల్లో ఎన్నటికీ ప్రస్తావనకు నోచుకోనివి పది శాతం లోపే ఉండవచ్చని తేలింది. ఇంజనీరింగ్‌లో ఆ వంతు ఎక్కువ. ఈ లెక్క ధైర్యం ఇచ్చేదే. అయితే ఇది ఆ డేటాబేస్ గడప దాటి లోపలికి వెళ్లిన పత్రాల సంగతి మాత్రమే. మన కాలేజీలు, విశ్వవిద్యాలయాల శాఖలు, చిన్న సంఘాలు వెలువరించే పత్రికల్లో చాలావాటికి ఆ గడప ఎక్కే అవకాశమే రాలేదు.

చిన్న పత్రికలో వచ్చినది చిన్న పని కావలసిన అవసరం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, అంచనాల కచ్చితత్వానికి ఉన్న హద్దును తేల్చిన పత్రాన్ని 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ప్రచురించారు. అప్పటికాయనకు దాదాపు పాతికేళ్లు. క్రామర్-రావు హద్దు పేరుతో అది గణాంక శాస్త్ర పాఠ్యపుస్తకాలన్నిటిలోకి వెళ్లింది. 1992లో ఈ శాస్త్రాన్ని మలుపు తిప్పిన పత్రాల సంకలనంలో మళ్లీ అచ్చయింది. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి ఇచ్చినప్పుడు చెప్పుకున్న కారణం కూడా ఆ 1945 పత్రమే. ఫలితానికి పేరు పడింది కాబట్టి పత్రం బతికింది. అంత అదృష్టం లేని పత్రాలను బతికించాల్సింది వెతికిపెట్టే వ్యవస్థే.

ఆ వ్యవస్థ ఒక్క రోజులో రాలేదు. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఒక పత్రాన్ని ఆ తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో చూపించడంతో, పాతదాని నుంచి కొత్తదానికి నడిచే దారి మొదటిసారి ఏర్పడింది. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో ఆర్‌కైవ్ మొదలుపెట్టాడు. అచ్చు కోసం ఆగకుండా భౌతిక శాస్త్రవేత్తలు తమ ప్రీప్రింట్లను అక్కడ పెట్టి ఒకరివొకరు చదువుకోసాగారు. 1997లో పబ్‌మెడ్ ప్రజలందరికీ ఉచితమైంది. 2000లో క్రాస్‌రెఫ్ ఏర్పడి, వెబ్ చిరునామా మారినా పత్రం దొరికేలా డీఓఐ సంఖ్యలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2004 నవంబరులో గూగుల్ స్కాలర్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన అనురాగ్ ఆచార్య ఐఐటీ ఖరగ్‌పూర్ పూర్వ విద్యార్థి. లైబ్రరీలో లేని పేపర్ల కోసం రచయితలకు ఉత్తరాలు రాసి ఎదురుచూసిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. 2022లో వచ్చిన ఓపెన్‌అలెక్స్ ఈ జాబితాలో కొత్తది. పత్రాలు, రచయితలు, సంస్థలు, ప్రస్తావనలు అన్నిటినీ కలిపిన ఆ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు.

ఇన్ని ఉన్నా, పత్రం అచ్చయిన వెంటనే రచయితకు తోచేది ప్రచారమే. వాట్సాప్ గ్రూపుల్లో లింకు, లింక్డ్‌ఇన్‌లో పోస్టు, పత్రికల వాళ్లకు ఒక నోటు. ప్రచారం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఒక అందమైన జవాబు 1991లోనే దొరికింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పత్రాల్లో న్యూయార్క్ టైమ్స్ వార్తగా రాసినవాటికి తొలి ఏడాది 72.8 శాతం ఎక్కువ సైటేషన్లు వచ్చాయి. పత్రిక ఎటూ మంచి పత్రాలనే ఎంచుకుంటుంది కదా అన్న అనుమానం సహజం. దాన్ని తీర్చే సందర్భం ఒకటి ఉంది: 1978లో న్యూయార్క్ టైమ్స్‌లో పన్నెండు వారాల సమ్మె జరిగింది. ఆ రోజుల్లో రికార్డు కోసం సంచికలు తయారయ్యాయి గానీ జనం చేతికి రాలేదు. అప్పుడు ఎంపికైన పత్రాలకు అదనపు సైటేషన్లు ఏమీ రాలేదు. అంటే ఎంపిక వల్ల కాదు, జనం చదవడం వల్లనే ఆ తేడా వచ్చింది.

సోషల్ మీడియా విషయంలో జవాబు అంత తేటగా లేదు. 2015లో హృద్రోగ పత్రిక సర్క్యులేషన్ 243 వ్యాసాలతో ప్రయోగం చేసింది. వాటిలో చీటీ వేసినట్టు ఎంపిక చేసిన కొన్నిటిని సోషల్ మీడియాలో పెట్టి, మిగతావాటిని పెట్టకుండా చూస్తే, నెల రోజుల్లో ఎంతమంది తెరిచారన్న లెక్కలో తేడా కనబడలేదు. 2020లో ఛాతీ శస్త్రచికిత్స వైద్యులు 112 వ్యాసాలతో అదే తరహా ప్రయోగం చేస్తే, ట్వీట్ చేసినవాటికి ఏడాదిలో సగటున 3.1 సైటేషన్లు, చేయనివాటికి 0.7 వచ్చాయి. 2024లో ప్లాస్ వన్‌లో వచ్చిన అధ్యయనం వీటికన్నా జాగ్రత్తగా చేసినది. పదకొండు మంది శాస్త్రవేత్తలు 110 పత్రాలతో మూడేళ్లు ఓపిక పట్టారు. ట్వీట్ చేసిన రోజు డౌన్‌లోడ్లు పెరిగాయి, మూడేళ్ల తర్వాత సైటేషన్లలో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. ఈ మూడిటినీ కలిపి చదివితే నాకు తోచేది ఇది. ఒకే రంగంలో ఒకరినొకరు ఎరిగిన చిన్న వృత్తి సమూహంలో ప్రచారం నిలుస్తుంది. విశాలమైన జనంలో ఆ రోజుకు వెలిగి ఆరిపోతుంది. దానికి వెచ్చించే సమయాన్ని వేరే పనుల మీద పెట్టడం మేలు.

మొదటి పని, పత్రం అందరికీ తెరుచుకునేలా చేయడం. 2002లో బుడాపెస్ట్ ప్రకటనతో ఓపెన్ యాక్సెస్ ఉద్యమానికి రూపం వచ్చింది. 2018లో హెదర్ పివోవర్, ఆమె సహచరులు చేసిన పెద్ద లెక్కలో పరిశోధన సాహిత్యంలో కనీసం 28 శాతం ఉచితంగా దొరుకుతోందని, అలా దొరికే పత్రాలకు సగటు కన్నా 18 శాతం ఎక్కువ సైటేషన్లు ఉన్నాయని తేలింది. ఇక్కడా పాత అనుమానమే. నిధులున్నవాళ్లు, పేరున్నవాళ్లు తమ మంచి పత్రాలనే ఉచితంగా పెడుతుండవచ్చు. దీన్ని తేల్చడానికి కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ డేవిస్ శరీరధర్మ శాస్త్ర పత్రికల్లో రచయితల ప్రమేయం లేకుండా, చీటీ పద్ధతిలోనే 247 వ్యాసాలను ఉచితం చేసి, మిగతా 1,372ను చందా వెనకే ఉంచాడు. మొదటి ఆరు నెలల్లో ఉచిత వ్యాసాల పూర్తి పాఠం తెరిచిన సంఖ్య 89 శాతం ఎక్కువగా ఉంది. ఏడాది తర్వాత సైటేషన్లు చూస్తే మాత్రం తేడా లేదు.

2008లో ఈ ఫలితం వచ్చినప్పుడు ఓపెన్ యాక్సెస్ వల్ల లాభం లేదని కొందరు తీర్పు చెప్పారు. నాకు అది తలకిందులుగా చదివినట్టు అనిపిస్తుంది. సైటేషన్ ఇచ్చేవాళ్లు పరిశోధకులు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉండే వాళ్లలో చాలామందికి చందా ముందే ఉంది. తలుపు తెరవగానే కొత్తగా లోపలికి వచ్చినవాళ్లు వేరే మనుషులు: ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు, డిగ్రీ కాలేజీ లెక్చరరు, వ్యవసాయాధికారి, రోగి కొడుకు. వాళ్లు చదువుతారు, వాడుకుంటారు, తిరిగి పత్రం రాయరు. వాళ్లను లెక్కలోకి తీసుకోని కొలబద్దతో వాళ్లకు కలిగిన మేలును కొలవలేం. వికీపీడియాలో ఏ పత్రికలను ప్రస్తావిస్తున్నారో చూసిన 2017 నాటి అధ్యయనం కూడా ఇటే చూపిస్తుంది. ఓపెన్ యాక్సెస్ పత్రికకు అక్కడ చోటు దొరికే అవకాశం 47 శాతం ఎక్కువ. సామాన్య చదువరి శాస్త్రాన్ని కలుసుకునే చోటు ఎక్కువసార్లు వికీపీడియానే కాబట్టి, ఈ అంకెకు నేను చాలా విలువ ఇస్తాను.

పత్రాన్ని తెరవడానికి లక్షల్లో ప్రచురణ రుసుము కట్టనక్కర్లేదు. సమీక్ష పూర్తయి పత్రిక అంగీకరించిన ప్రతిని, అంటే ప్రచురణకర్త పేజీలు తీర్చక ముందు రచయిత దగ్గర ఉండే వర్డ్ ఫైలును, సంస్థ భాండాగారంలో పెట్టుకోవడానికి చాలా పత్రికలు ఒప్పుకుంటాయి. కొన్ని ఆరు నెలలో, ఏడాదో ఆగమంటాయి. ఏ పత్రిక ఏం ఒప్పుకుంటుందో, షెర్పా రోమియోగా పేరుపడి ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్‌గా మారిన జాబితాలో చూడవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఐఐటీ హైదరాబాద్ తమ భాండాగారాలను ఇలాగే నడుపుతున్నాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, బయోటెక్నాలజీ శాఖ తాము నిధులిచ్చిన పత్రాలను భాండాగారాల్లో ఉంచాలని 2014 డిసెంబరులోనే విధానం ప్రకటించాయి. విధానం ఉంది, అడిగేవాళ్లు లేరు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థలు ఇదే నియమాన్ని నిధులతో ముడిపెట్టి అమలు చేశాయి. అప్పటిదాకా ఇచ్చిన ఏడాది గడువును కూడా 2025 జూలై నుంచి ఎత్తేశాయి. ఆ తేడా ఫలితాల్లో కనబడుతుంది.

మన దేశం ఈలోగా ఇంకో దారి పట్టింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ సంస్థల్లో అందుబాటులోకి వస్తాయి. 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు లబ్ధిదారులని ప్రభుత్వం చెప్పింది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఇది నిజంగా పెద్ద మేలు, దాన్ని తక్కువ చేయను. కానీ ఇది మనం చదవడానికి పెట్టే ఖర్చు. మన పరిశోధనను ఇతరులు చదవడానికి ఇందులో ఏమీ లేదు. ప్రభుత్వ సంస్థల ప్రాంగణం బయట ఉన్న డాక్టరుకు, రిటైరైన టీచరుకు, ప్రైవేటు కాలేజీ విద్యార్థికి ఆ తలుపు ఇంకా మూసే ఉంది. చందా పత్రాలను అనుమతి లేకుండా ఉచితంగా ఇస్తూ 2011 నుంచి నడుస్తున్న సై-హబ్‌ను ఇంతమంది ఆశ్రయించింది అందుకే. దాని మీద ప్రచురణకర్తలు ఢిల్లీ హైకోర్టులో 2020లో వేసిన దావాలో, 2025 ఆగస్టులో ఆ సైట్‌ను ఆపేయాలని ఉత్తర్వు వచ్చింది. చట్టం సంగతి కోర్టు చూసుకుంటుంది. అవసరం సంగతి అలాగే ఉంది.

రెండో పని మాటలకు సంబంధించినది. ఇందులో ఖర్చు అసలే లేదు, నిర్లక్ష్యం మాత్రం ఎక్కువ. డేటాబేసులు ముందుగా చూసేది శీర్షిక, సారాంశం, కీవర్డ్‌లు. ఒక వైద్య సమస్య మీద ఉన్న సాక్ష్యాలన్నీ పోగుచేసే సమీక్షకులు ఆ మూడింటిలోనే వెతుకుతారు. అక్కడ మాట లేకపోతే పత్రం లేనట్టే. జీవశాస్త్ర రంగాల్లో 5,323 పత్రాలను పరిశీలించిన 2024 నాటి ఒక అధ్యయనం ప్రకారం 92 శాతం పత్రాలు శీర్షికలోనో సారాంశంలోనో ముందే ఉన్న మాటలనే కీవర్డ్‌లుగా మళ్లీ రాశాయి. కొత్త మాటకు ఇచ్చిన చోటు వృథా అయింది. గుహల మీద వచ్చిన 21 వేలకు పైగా పత్రాలను చూసిన మరో అధ్యయనంలో, శీర్షికలోనూ సారాంశంలోనూ పరిభాష ఎక్కువైన కొద్దీ సైటేషన్లు తగ్గాయి. గుహల మీద భూగర్భ శాస్త్రవేత్తలు, జీవశాస్త్రవేత్తలు, పురావస్తు పరిశోధకులు అందరూ పనిచేస్తారు. ఒకరి పరిభాష ఇంకొకరికి తెలియదు.

మన నేల నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వర్ణించారు. శీర్షిక చాలా సాదా: దక్షిణ భారతంలోని నెల్లూరు జిల్లాలో స్థానికంగా పాతుకున్న ఫ్లోరోసిస్. జబ్బు పేరు ఉంది, జిల్లా పేరు ఉంది, ప్రాంతం ఉంది. ఆ పత్రికను స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా పెట్టారు కాబట్టి ఈ రోజు ఎవరైనా నెల్లూరు, ఫ్లోరోసిస్ అని కొడితే దొరుకుతుంది. ఇప్పుడు అదే విషయం మీద ఎవరైనా ‘అర్ధశుష్క కఠినశిలా ప్రాంతంలో భూగర్భజల భూరసాయన మూల్యాంకనం’ తరహా శీర్షిక పెట్టి, నల్గొండ పేరు మూడో పేజీకి, ఫ్లోరైడ్ పేరు ఐదో పట్టికకు నెట్టేస్తే, మునుగోడు కోసం నీళ్ల పథకం వేసే ఇంజనీరుకు అది ఎలా దొరుకుతుంది? స్థలం పేరు పెడితే పత్రం ప్రాంతీయమైపోతుందని మన పరిశోధకుల్లో ఒక భయం ఉంది. కంది మీద రాసి లాటిన్ పేరు ఒక్కటే ఇవ్వడం కూడా అలాంటిదే. లాటిన్ పేరు ఉండాలి. దాని పక్కన పంట వ్యవహార నామం, జిల్లా పేరు కూడా ఉండాలి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి రచయితల పేర్ల దగ్గర కొంచెం ఆగాలి. ఈ బాధ తెలుగువాళ్లకు ఉన్నంతగా చాలామందికి లేదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పాశ్చాత్య సూచికలు చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో వెంకటేశ్వరరావులు, నాగేశ్వరరావులు, సుబ్బారావులు అందరూ ‘రావు’ కింద, ముందు ఒకటి రెండు పొడి అక్షరాలతో కుప్పగా పడతారు. రెడ్డిగార్ల పరిస్థితీ అదే. ఒకే మనిషి ఒక పత్రంలో వెంకటేశ్వర్లును ఇంగ్లిష్‌లో ‘ఎస్’తో, ఇంకోదాంట్లో ‘ఎస్‌హెచ్’తో రాస్తే ఇద్దరు మనుషులవుతారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న పరిశోధకురాలి పాత పని ఆమెకు చెందకుండా పోతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. గార్ఫీల్డ్ తీసిన అత్యధిక సైటేషన్ల జాబితాల్లో చోటు చేసుకున్న పత్రం అది. ప్రపంచమంతా దాన్ని ఫిస్కే-సుబ్బారో పద్ధతి అంటుంది. అంటే అసలు పేరే ఇంటిపేరైంది. ఒకటే ఇంగ్లిష్ పేరు, పలు స్పెల్లింగులు. అంత గొప్ప పత్రం కాబట్టి తట్టుకుంది.

2012 నుంచి ఇస్తున్న ఆర్కిడ్ సంఖ్య దీనికి మందు. పదహారు అంకెలు, పరిశోధకులకు ఆధార్ లాంటిది. ఉచితంగా ఐదు నిమిషాల్లో వస్తుంది. పేరు ఎలా రాసినా, సంస్థ మారినా, ఇంటిపేరు మారినా పని అంతా ఒకచోట ఉంటుంది. ఎమ్మేలో చేరిన రోజే విద్యార్థి చేత ఇది తీయించి, పేరును ఇంగ్లిష్‌లో ఒకే తీరుగా రాయడం అలవాటు చేయించాలి. ఆలస్యమైన కొద్దీ చిక్కు ముదురుతుంది.

మూడో పని ఫైలుది. గూగుల్ స్కాలర్ ఏం కోరుతుందో తన మార్గదర్శకాల్లో బాహాటంగానే చెప్పింది. ప్రతి వ్యాసానికీ సొంత వెబ్ చిరునామా ఉండాలి. లాగిన్ అడగకుండా సారాంశం కనబడాలి. పీడీఎఫ్‌లో అక్షరాలు అక్షరాలుగా ఉండాలి, ఫొటోలుగా కాదు. ఫైలు 5 ఎంబీ దాటకూడదు. శీర్షిక, రచయిత, తేదీ వంటి వివరాలు పేజీ కోడ్‌లో నిర్ణీత ట్యాగుల్లో ఉండాలి. మన కాలేజీ పత్రికలు చాలావరకు ఏం చేస్తాయంటే, మొత్తం సంచికను ముఖచిత్రంతో సహా స్కాన్ చేసి ఒకే పెద్ద పీడీఎఫ్‌గా పెడతాయి. లోపల ఇరవై వ్యాసాలున్నా సెర్చ్ ఇంజన్‌కు అది ఒక్క ఫైలు. దానికి శీర్షిక ‘సంచిక 4, తుది ప్రతి’. కెనడాలో పుట్టిన ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే ఈ ట్యాగులన్నీ వాటంతట అవే తయారవుతాయి. దాన్ని నడపడానికి ఒక సర్వరు, ఓపికున్న లైబ్రేరియన్ చాలు.

ఇదే అవకాశాన్ని దురాశకు వాడుకునేవాళ్లూ ఉన్నారు. గూగుల్ స్కాలర్‌ను ఎంత సులువుగా మోసం చేయవచ్చో చూపించడానికి స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు లేని రచయిత పేరుతో ఉత్తుత్తి పత్రాలు పెట్టి తమ సైటేషన్లు పెరగడం నిరూపించారు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ సంస్థ సరైన సమీక్ష లేకుండా రుసుములు వసూలు చేస్తూ రచయితలను మోసగించిందని అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. మన నగరం పేరు అలా వినబడడం బాధాకరం. అక్కడ డబ్బు కట్టి వేయించుకున్న నిజాయితీ పత్రాలు కూడా అనుమానం కింద నలిగిపోయాయి.

దొరికేలా చేయడం ఒక్కటే చాలదు, దొరుకుతూ ఉండాలి. 2000 నుంచి 2019 మధ్య 174 ఓపెన్ యాక్సెస్ పత్రికలు ఇంటర్నెట్ నుంచి పూర్తిగా మాయమయ్యాయని ఒక బృందం లెక్కతీసింది. 2024లో మార్టిన్ ఈవ్ డెబ్భై నాలుగు లక్షల డీఓఐలను పరీక్షిస్తే, దాదాపు 28 శాతం పత్రాలు ఏ శాశ్వత డిజిటల్ భాండాగారంలోనూ భద్రంగా లేవు. ప్రచురణ సంస్థ సర్వరు ఆగిపోతే అవీ పోతాయి. చిన్న సంస్థల పత్రికలకే ఈ ముప్పు ఎక్కువ.

తెలుగులో రాసిన పరిశోధన విషయానికి వస్తే ఈ సమస్యలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. ప్రపంచంలో ఇంగ్లిష్ కాని భాషల్లో వచ్చే శాస్త్రం తక్కువేం కాదు. జీవవైవిధ్య పరిరక్షణ మీద 2014లో వచ్చిన రచనల్లో 35.6 శాతం ఇతర భాషల్లోనివని అమానో బృందం చూపించింది. వాటిలో చాలా స్పానిష్, పోర్చుగీస్, చైనీస్ వంటివి. వాటికి కనీసం అక్షరాల చిక్కు లేదు. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ మొదటి వెర్షన్‌లో చేరింది. అయినా మన అచ్చు ప్రపంచం దశాబ్దాల పాటు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే నడిచింది, ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో దాచుకుంటాయి. కంటికి ‘తిక్కన’ కనబడుతుంది, కంప్యూటర్‌కు అర్థం లేని గుర్తుల వరస కనబడుతుంది. అలాంటి పీడీఎఫ్ ఎన్నేళ్లు ఇంటర్నెట్‌లో ఉన్నా తిక్కన కోసం వెతికేవారికి దొరకదు. యూనికోడ్‌లో కంపోజ్ చేసినా గండం పూర్తిగా గడవదు. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు వత్తులు, గుణింతాలు తారుమారై అక్షరాలు చెదురుతుంటాయి.

ఎంత పని ఇలా మరుగున పడి ఉందో తలచుకుంటే దిగులేస్తుంది. 1924 నుంచి 1991 వరకు వచ్చిన ‘భారతి’ పత్రికలో శాసనాలు, ఛందస్సు, భాషాచరిత్ర, ప్రాచీన కవుల కాలనిర్ణయం మీద వచ్చిన వ్యాసాలు ఎన్నో. స్కాన్ బొమ్మలుగా ఆ సంచికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఏ సంచికలో ఏముందో ముందే తెలిసినవారికి అవి నిధి, తెలియనివారికి లేనట్టే. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో 5 లక్షలకు పైగా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలున్నాయి. వాటిలో తెలుగు శాఖల గ్రంథాలూ ఉన్నాయి. కానీ స్కాన్ ప్రతుల్లోనో పాత ఫాంట్లలోనో ఉన్నవాటి లోపలికి వెతకడం సాధ్యం కాదు. జిల్లా మాండలికాల మీద, కులవృత్తుల పదజాలం మీద, జానపద కళారూపాల మీద ఏళ్లు తిరిగి పోగుచేసిన సమాచారం అక్కడ నిద్రపోతోంది. దీనికి భిన్నంగా 1998 నుంచి వెలువడుతున్న ‘ఈమాట’ వెబ్ పత్రిక వ్యాసాలు మామూలు వెబ్ పాఠంగా ఉన్నాయి. ఏ ఛందస్సు పేరో, కవి పేరో తెలుగులో కొడితే సరాసరి ఆ వ్యాసం తెరుచుకుంటుంది. రెండిటికీ ఉన్న తేడా పాండిత్యానిది కాదు, ఫైలుది.

ఇప్పుడు చాలామంది విద్యార్థులు ప్రశ్నను నేరుగా ఏఐ చాట్ సాధనాలనే అడుగుతున్నారు. అవి లేని పత్రాలను ఉన్నట్టు పుట్టించి చూపడం తెలిసిందే. ఆ ఉత్తుత్తి ప్రస్తావనలు అచ్చయిన వ్యాసాల్లోకి కూడా చేరాయి. ఈ సాధనాలు తెరిచి ఉన్న పాఠాన్ని చదివి జవాబు చెబుతాయి. చదవగలిగిన తెలుగు పరిశోధన ఎంత తక్కువగా ఉంటే, తెలుగు గురించి అడిగిన ప్రశ్నకు అంత వట్టి మాట వస్తుంది.

చేయవలసిన పని తెలిసినదే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. తెలుగు స్కాన్లను చదివే ఓసీఆర్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. తెలుగు వికీసోర్స్ స్వచ్ఛంద కార్యకర్తలు వాటితోనే పాత పుస్తకాలను ఒక్కో పేజీ దిద్ది నిలబెడుతున్నారు. తెలుగు శాఖలు తమ పత్రికలను పీడీఎఫ్‌తో పాటు వెబ్ పాఠంగా కూడా పెట్టవచ్చు. ప్రతి వ్యాసానికీ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ సారాంశం, రచయిత ఆర్కిడ్ సంఖ్య, వీలైతే డీఓఐ జతచేయవచ్చు. సిద్ధాంత గ్రంథం సమర్పించేటప్పుడు యూనికోడ్ ప్రతిని తప్పనిసరి చేయడానికి విశ్వవిద్యాలయ పాలకమండలిలో ఒక తీర్మానం చాలు. ఇంగ్లిష్‌లో రాసే తెలుగు శాస్త్రవేత్తలు తమ పత్రానికి తెలుగులో నాలుగు పేరాల సారాంశం రాసి భాండాగారంలో దాని పక్కనే పెట్టవచ్చు. ఏ ఊరి నీళ్ల మీద, ఏ ఊరి పంట మీద ఆ పరిశోధన జరిగిందో ఆ ఊరివాళ్లు ముందు వెతికేది తెలుగులోనే.